పప్పునూనె ఎందుకు నిలవుంటుంది?

ప్రశ్న: ఆవకాయలో పోసిన పప్పునూనె (నువ్వుల నూనె) ఏడాదైనా బాగుంటుంది. పొద్దుతిరుగుడు నూనె మాత్రం డబ్బా తెరిచి కిటికీ దగ్గర పెడితే మూడు నెలలకే పాత కంపు కొడుతోంది. విటమిన్ ఇ ఎక్కువని డబ్బా మీద రాశారు కదండీ?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: రాసింది అబద్ధం కాదమ్మా. విటమిన్ ఇ పొద్దుతిరుగుడులోనే ఎక్కువ. కానీ మామూలు రకం నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లమే. దాని అణువులో రెండు జంట బంధాలుంటాయి. వాటి మధ్యనున్న హైడ్రోజన్ ఇట్టే ఊడి, అక్కడ ఆక్సిజన్ చేరుతుంది. అలా పుట్టే పెరాక్సైడ్లకు వాసన ఉండదు. అవి విరిగి హెక్సనాల్ లాంటివి వచ్చాకే కంపు తెలుస్తుంది. అందుకే మా మిల్లు ల్యాబులో ముక్కును నమ్మకుండా పెరాక్సైడ్ విలువ కొలిచేవాళ్లం.

ఇలా పాడైన అణువు పక్కదాని హైడ్రోజన్ లాగేస్తుంది, అది గొలుసులా సాగుతుంది. విటమిన్ ఇ తన హైడ్రోజన్ ఇచ్చి ఈ గొలుసును తెంపుతుంది, కానీ తాను ఖర్చైపోతుంది. నువ్వుల్లో లినోలిక్ కాస్త తక్కువ. పైగా సెసమోలిన్ అనే పదార్థం ఉంది. వేడి తగిలితే అందులోంచి సెసమాల్ వస్తుంది, అది గట్టి కాపలాదారు. మీ జాడీలోకి వెలుతురు కూడా పోదు.

ముందు డబ్బాను కిటికీ దగ్గర నుంచి తీసెయ్యండి. రాగి, ఇత్తడి గిన్నెల్లో నూనె నిలవ ఉంచకండి. పాత నూనె అడుగున ఉండగా కొత్తది పోయకండి. కంపొచ్చిన నూనెలో కరివేపాకు వేసి కాచినా బాగుపడదు. అన్నట్టు, ఏ మొక్క నూనెలోనూ లెక్కపెట్టేంత లేని కొలెస్ట్రాల్ గురించి డబ్బా మీద అంత పెద్దగా రాసేబదులు, ప్యాక్ చేసిన తేదీ కనబడేలా వేస్తే బాగుండు.