ఉదయం చేరి సాయంత్రం ఇంటికొచ్చే హెర్నియా ఆపరేషన్‌కి ముందు ఏం చూసుకోవాలి?

పొద్దున తాగిన టీ వల్ల కూడా ఇలాంటి ఆపరేషన్లు వాయిదా పడొచ్చు. మత్తులో కడుపులోది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. అందుకే మామూలుగా ఇడ్లీలాంటి తేలిక తిండి 6 గంటల ముందే ఆపాలి, బిర్యానీ, వేపుళ్లయితే 8 గంటలు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకూ తాగొచ్చు. పాలు, మజ్జిగ, రాగిజావ నీళ్ల లెక్కలోకి రావు, తిండి లెక్కే. ఆసుపత్రివాళ్లు వేరే టైము చెబితే అదే పాటించండి.

మందుల చీటీలన్నీ మత్తు డాక్టరుకి వారం ముందే చూపించండి. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచన చేసే మాత్రలు ఆపాలంటే కొన్ని రోజుల వ్యవధి కావాలి. స్టెంట్ (గుండె రక్తనాళంలో వేసే చిన్న గొట్టం) ఉన్నవాళ్లు సొంతంగా అసలు ఆపకూడదు. షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే సాధారణంగా 3 రోజుల ముందే ఆపిస్తారు. బీపీ మాత్ర వేసుకోవాలో వద్దో పేరు చెప్పి అడగండి.

ఆపరేషన్ చేసే చోట వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు, ఆ చిన్న గాట్లలోంచి చీము పట్టొచ్చు. గోళ్లరంగు తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపించకపోవచ్చు. కట్టుడు పళ్లుంటే ముందే చెప్పండి.

తిరిగొచ్చాక కనీసం 24 గంటలు బండి నడపకూడదు, ఆ రాత్రి పక్కన పెద్దవాళ్లెవరైనా ఉండాలి.