ముత్తుకూరు ఫిషరీ కాలేజీ పట్టా చేతికొచ్చిన అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

అల్లూరు పక్కన రొయ్యల గుంటల మీద టెక్నీషియన్‌గా చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ‘ఇంక చదువుల పీడ వదిలింది’ అన్నావట. అది వినే ఈ ఉత్తరం రాస్తున్నా. వాట్సాప్‌లో పెడితే రెండు లైన్లు చూసి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావని కాగితం మీదే రాస్తున్నా.

మన పని ఎలాంటిదో ముందు చెప్తాను. మా తరం టైగర్ రొయ్యతో మొదలుపెట్టింది. 1990ల మొదట్లో సముద్రం ఒడ్డున ఎటు చూసినా పొక్లెయిన్లే. 1994, 95లో వైట్ స్పాట్ జబ్బు వచ్చి ఊడ్చుకుపోయింది. 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల గుంటల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వెనామీ అనే విదేశీ రొయ్యకి అనుమతి. ఇవన్నీ నువ్వు పరీక్షల కోసం బట్టీ పట్టిన తేదీలే. కానీ గట్టు మీద ఉన్నవాడికి ఒక్కో తేదీకీ ఒక్కో చదువు పాతబడిపోయింది. టైగర్ అడుగున తిరిగే రొయ్య, వెనామీ నీళ్లలో పైకీ కిందకీ ఈదుతుంది. దాని మేత వేరు, దీని మేత వేరు. చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వదలొచ్చన్నాక నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల లెక్కా, కరెంటు లెక్కా, బురద లెక్కా అన్నీ మారిపోయాయి. టైగర్‌లో ఆరితేరిన పెద్దపెద్దవాళ్లు ‘మాకు తెలీని రొయ్యా’ అని పాత పద్ధతిలోనే పోయి లీజు డబ్బులు కూడా రాబట్టుకోలేకపోయారు. నిలబడ్డవాళ్లు తెలివైనవాళ్లేం కాదు. తమకంటే చిన్నవాళ్లను ‘ఇది ఎట్లా అబ్బయ్యా’ అని అడగడానికి సిగ్గుపడనివాళ్లు.

నువ్వు రిటైరయ్యేలోపు ఇలాంటి మలుపులు రెండు మూడన్నా వస్తాయి. అది రొయ్యే మారడం కావచ్చు, జబ్బు కావచ్చు, కొనే దేశం కావచ్చు.

ఒక్క సంగతి మాత్రం వివరంగా రాస్తాను, జాగ్రత్తగా చదువు. వైట్ గట్, అంటే పేగు తెల్లబడే జబ్బు వచ్చిన రొయ్య హెపాటోపాంక్రియాస్‌ను (మేత అరిగించే గ్రంథిని) నలిపి మైక్రోస్కోప్ కింద పెడితే సన్నటి పురుగుల్లాంటివి కనపడతాయి. చాలా ఏళ్లు వాటిని చూసి గ్రెగరిన్ పరాన్నజీవులని చెప్పేవాళ్లు. దానికి మందులు అమ్మారు, రైతులు కొన్నారు, మేతలో కలిపారు. 2014లో థాయిలాండ్ శాస్త్రవేత్తలు వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసి అవి పురుగులే కావన్నారు. హెపాటోపాంక్రియాస్ కణాల అంచుల్లో సన్నటి వేళ్లలా ఉండే మైక్రోవిల్లై ఊడిపోయి, చుట్టుకుని, పురుగు ఆకారంలో కనిపిస్తున్నాయని తేల్చారు. అంటే లేని పురుగుకి మందు వేశారన్నమాట. ఆ పేపర్ ఎవరైనా ఫ్రీగా చదువుకోవచ్చు. అయినా అది వచ్చిన చాలాకాలం తర్వాత కూడా గట్ల మీద ‘గ్రెగరిన్ వచ్చింది సార్’ అనే మాట పోలేదు. నువ్వు కాలేజీలో చదివినదాంట్లో కూడా ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి. ఏవో ఇప్పుడే నీకూ తెలీదు, నీకు పాఠం చెప్పినవాళ్లకూ తెలీదు.

ఈహెచ్‌పీ, అంటే రొయ్యను ఎదగనివ్వని సూక్ష్మ పరాన్నజీవి, అది కూడా అంతే. దానికి మందు లేదు. సీడ్‌కి (వదిలే రొయ్య పిల్లలకి) పీసీఆర్ పరీక్ష చేయించడం, పంట తీశాక అడుగు బాగుచేయడం, అంతే మన చేతిలో ఉన్నది. దాని స్పోర్లు చావాలంటే హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు దగ్గరదగ్గర రెండున్నర టన్నుల కాల్చిన సున్నం వేసి, దున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12కి తీసుకురమ్మని సిఫార్సు. ఓనరేమో నాలుగు బస్తాలు చల్లి ‘వేశాం కదా’ అంటాడు. ఆయనతో వాదించాలంటే ఎంత వేయాలో తెలిస్తే చాలదు, ఎందుకు అంత వేయాలో తెలియాలి. ఎందుకో తెలిసినవాడికే ఖర్చు తగ్గించే దారి కూడా తెలుస్తుంది.

ఇక రోజువారీ సంగతి. మేత తిన్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే చెక్ ట్రే ఎత్తినప్పుడు మేత మిగిలిందా లేదా అని మాత్రమే చూసి దించకు. రొయ్యను వెలుతురుకు అడ్డంగా పట్టుకో. పేగు నిండుగా గీతలా ఉందా, మధ్యలో తెగిందా? హెపాటోపాంక్రియాస్ రంగు తేలిందా, కుంచించుకుపోయిందా? మీసాలు పూర్తిగా ఉన్నాయా? పెంకు నొక్కితే మెత్తగా ఉందా? చూసింది అక్కడే పుస్తకంలో రాయి. ఫోన్‌లో యాప్ ఉందంటావు. ఉండనీ, అంకెలు అందులో పెట్టుకో. నేను రాయమనేది వేరే. ఆ రోజు నువ్వు ఏం చేయాలని నిర్ణయించావు, ఎందుకు, ఏం జరుగుతుందని అనుకున్నావు. ‘మేత తగ్గించాను, మబ్బు పట్టింది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని’. ఇంతే, ఒక లైను. పట్టుబడి అయ్యాక కౌంటూ (కిలోకి ఎన్ని రొయ్యలు), ఎఫ్‌సీఆరూ (కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత) పక్కన పెట్టుకుని ఆ పుస్తకం తిరగెయ్యి. ఎక్కడ నీ అంచనా నిజమైందో, ఎక్కడ ఊరికే కలిసొచ్చిందో తెలుస్తుంది. గుంట బాగా పండినప్పుడు ఈ పని ఎవరూ చేయరు. చేయాల్సింది అప్పుడే.

కంపెనీల మీటింగులకు పిలుస్తారు. నెల్లూరులో ఏదో హోటల్లో ప్రొజెక్టర్, బిర్యానీ, చేతికో బ్యాగు. వెళ్లు, నలుగురు పరిచయమవుతారు. కానీ అదే ట్రైనింగ్ అనుకోకు. మా ప్రోబయోటిక్ వాడిన గుంటలో ఇన్ని టన్నులు వచ్చాయని స్లైడ్ చూపిస్తారు. లేచి ఒక్కటే అడుగు: ‘అదే సీడ్, అదే రోజు వదిలి, ఈ మందు వేయని గుంటలో ఎంత వచ్చింది సార్?’ జవాబు చెప్తే రాసుకో. చెప్పకపోతే బిర్యానీ తిని వచ్చేయ్. మినరల్ బస్తాలకూ ఇదే వర్తిస్తుంది. బోరు నీళ్ల గుంటల్లో పొటాషియం తక్కువ ఉండడం మామూలే. సముద్రపు నీళ్లలో సోడియం, పొటాషియం నిష్పత్తి 28:1 దగ్గర ఉంటుంది. నీ గుంట నీళ్ల రిపోర్టు తెప్పించి ఎంత తక్కువో నువ్వే లెక్క కట్టు, తర్వాత బస్తా మీద ఎంత శాతం ఉందో చదువు. చాలామంది బస్తా రంగు చూసి కొంటారు.

రొయ్య ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి యాంటీబయాటిక్‌లు నిషేధమని నీకు తెలుసు, కానీ మందుల షాపువాడు పేరు మార్చి ఇస్తే పట్టుకోగలవా? రొయ్యలో మందు రెసిడ్యూ (అవశేషం) దొరికి కంటెయినర్ వెనక్కి వస్తే దాని నష్టం చివరికి గట్టు దాకా వస్తుంది. 2005 చట్టానికి 2023లో సవరణ వచ్చింది, అది ఒకసారి చదువు. చట్టం చదవడం విసుగే, నాకూ విసుగే. అయినా నీ ఓనరుకు లైసెన్సు కాగితాలు అర్థమయ్యేలా చెప్పగలిగిన టెక్నీషియన్‌ని అంత తేలిగ్గా తీసేయరు. పదేళ్ల తర్వాత రాత్రిళ్లు గట్ల మీద తిరిగే ఓపిక తగ్గినప్పుడు ల్యాబ్‌లోకో, క్వాలిటీ వైపుకో వెళ్లడానికి కూడా అదే పనికొస్తుంది.

ముత్తుకూరు కాలేజీని మర్చిపోకు. మీ మాస్టర్ల దగ్గరకి ఉత్త చేతులతో కాకుండా శాంపిలూ, నీ పుస్తకమూ పట్టుకెళ్లు. ప్రశ్న ఎంత గట్టిగా ఉంటే వాళ్లు అంత సమయం ఇస్తారు.

చెన్నైలో సీబా (ఉప్పునీటి ఆక్వాకల్చర్ కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్లు రొయ్యల జబ్బుల మీద శిక్షణలు పెడుతుంటారు. ఈసారి ప్రకటన రాగానే అప్లై చెయ్యి. ఫీజు నీదే అనుకుని మొదటి జీతం నుంచే కొంచెం కొంచెం పక్కన పెట్టు, ఓనరు కడతానంటే కాదనకు. ‘గుంటల్ని వదిలి ఎట్లా పోతావ్’ అంటాడు, అది న్యాయమైన ప్రశ్నే. ఆ రోజులకి నేనొచ్చి షెడ్డులో ఉంటానని చెప్పు. పీఎల్ (రొయ్య పిల్లలు) వదిలిన మొదటి నెలలో మాత్రం కుదరదు, నలభై రోజులు దాటాక తేదీ చూసుకో. వెళ్లేముందు నీ పుస్తకం నాకు ఇచ్చి వెళ్లు, అందులో ఏం రాసి ఉంటే దాని ప్రకారమే మేత వేస్తాను.

ఇట్లు,
మీ మామ