'రెండు గంటల దూరం' తప్పా?

సందేహం: విమాన ప్రయాణాల గురించి రాసేటప్పుడు 'ఆ నగరం రెండు గంటల దూరం' అంటున్నారు. దూరం కిలోమీటర్లలో కదా ఉండాలి? రెండు విమానాశ్రయాల మధ్య పట్టే కాలాన్ని 'ప్రయాణ సమయం' అనాలా, 'ప్రయాణ కాలం' అనాలా?

సమాధానం: 'రెండు గంటల దూరం' తప్పేమీ కాదు. దూరాన్ని కాళ్లతోనో చెవులతోనో కొలవడం తెలుగువాళ్లకు పాత అలవాటే. 'పూట ప్రయాణం', 'రెండు రోజుల నడక' అన్నాం. అరిస్తే వినిపించేంత దగ్గరైతే 'కూతవేటు దూరం' అన్నాం. ఎప్పటికి చేరతామో తెలిస్తే చాలు, అడిగినవాళ్లకు అంకెతో పనిలేదు. 'గంటల దూరం' కూడా ఆ వరసలోదే.

విమానం దగ్గరికి వచ్చేసరికి ఈ మాట కాస్త తడబడుతుంది. లండన్‌కూ న్యూయార్క్‌కూ మధ్య దూరం దాదాపు 5,500 కిలోమీటర్లు. గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారి లెక్క అది. ఎటునుంచి కొలిచినా మారదు. ప్రయాణం మాత్రం పడమటికి వెళ్లేటప్పుడు సుమారు 8 గంటలు, తిరిగొచ్చేటప్పుడు సుమారు 7 గంటలు. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే జోరుగాలి పోయేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. మరి ఆ ఊరు ఎన్ని గంటల దూరం? కబుర్లలో ఏదన్నా చెల్లుతుంది. పట్టిక వేస్తే మాత్రం దూరాన్ని కిలోమీటర్లకే వదిలెయ్యాలి. ఉత్త 'మైళ్లు' అని రాసినా చిక్కే: మామూలు మైలు సుమారు 1.609 కిలోమీటర్లు, విమానయానంలో వాడే నాటికల్ మైలు 1.852.

ఇక 'సమయం'. సంస్కృతంలో దీనికి ఒప్పందం, కట్టుబాటు అనే అర్థాలూ ఉన్నాయి. ('కవిసమయం' అంటే కవిగారికి తీరిక దొరికిన వేళ అనుకునేరు! కవులు పాటించే కట్టుబాటు అని.) తెలుగులో ఎక్కువగా వేళనూ అదనునూ చెబుతుంది: 'సమయానికి వచ్చాడు', 'ఇది సమయం కాదు'. 'ఎంత సమయం పడుతుంది?' అనీ అంటున్నాం. అందుకే 'ప్రయాణ సమయం 2 గంటలు' అని చదివితే, బయలుదేరేది రెండింటికా, పట్టేది రెండు గంటలా అని ఒక్క క్షణం ఆగాల్సి వస్తుంది. 'ప్రయాణ కాలం' నయం, 'ప్రయాణ వ్యవధి' ఇంకా నయం. మాటల్లోనైతే 'ఎంతసేపు' కన్నా తేటైనది లేదు. అయితే 'సేపు' గంటలూ నిమిషాల దాకానే వస్తుంది. 'రెండు రోజుల సేపు' అని ఎవరూ అనరు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. 'విమానం 2 గంటలకు చేరుతుంది' అంటే గడియారంలో రెండా, బయలుదేరాక రెండు గంటలా? ఆ 'కు' రెండింటికీ పనిచేస్తుంది. 'బయలుదేరిన 2 గంటలకు' అంటే వ్యవధి, 'మధ్యాహ్నం 2 గంటలకు' అంటే వేళ. ముందున్న మాటను కత్తిరిస్తే వాక్యం రెండు పడవల మీద నిలబడుతుంది. లండన్‌లో ఉదయం 11కు లేచిన విమానం న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2కు దిగిందంటే, 3 గంటల్లో చేరిందని లెక్కగట్టేవాళ్లున్నారు. ఆ రెండు ఊళ్ల గడియారాలకు సాధారణంగా 5 గంటల తేడా. నిజానికి పట్టింది 8. కాబట్టి వేళ రాసినచోట 'స్థానిక కాలమానం ప్రకారం' అని చేర్చండి. వ్యవధికి ఆ తోక అక్కర్లేదు.