కుషన్ హుక్కు ఊడి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. సొంత ట్రాక్టర్, ట్రాలీ ఉన్నాయి. గుంతల రోడ్డు మీద కుదుపులకు నడుం పట్టేస్తోంది. ట్రాక్టర్‌కు ట్రాలీని తగిలించే చోట కుదుపులు తగ్గించే, గాలి బ్యాగు ఉండే కుషన్ హుక్కు వేయిద్దామనుకుంటున్నాను. ఊళ్లో వెల్డింగ్ షాపులో తక్కువకే చేస్తామంటున్నారు. రేపు అది ఊడి ట్రాలీ ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ వస్తుందా? ఆర్టీఓ అనుమతి కావాలా? – ఒక రైతు

జవాబు: ముందు మీ పాలసీ కాగితం తీసి చూడండి. అందులో ట్రాక్టర్ నంబరు ఒక్కటే ఉందా, ట్రాలీ నంబరు కూడా ఉందా? 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా ప్రీమియం కట్టకపోతే ప్రమాదం జరిగాక కంపెనీ ముందు పట్టుకునేది ఆ పాయింటునే. రేపే ఏజెంటును అడిగి చేర్పించండి.

ట్రాలీకీ పాలసీ ఉంటే, హుక్కు బాగాలేదన్న ఒక్క కారణంతో దెబ్బ తగిలిన బాటసారికి పరిహారం ఎగ్గొట్టడం కంపెనీకి కుదరదు. కంపెనీ ఏ కారణాలతో తప్పించుకోవచ్చో అదే చట్టం సెక్షన్ 150 చెబుతుంది. లైసెన్స్ లేకపోవడం, తాగి నడపడం, పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పడం లాంటివి ఉన్నాయి గానీ హుక్కు మాట లేదు. మీ బండికి జరిగిన నష్టం సంగతి వేరు. బండిని మంచి కండిషన్‌లో ఉంచాలన్నది పాలసీ షరతు. నాసి వెల్డింగ్ చూపించి ఆ క్లెయిమ్ ఆపేయొచ్చు.

అసలు టెన్షన్ క్రిమినల్ కేసుతో. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. పాలసీ ఉన్నా ఆ కేసు ఆగదు.

అందుకే షాపు హుక్కు వద్దంటాను. ట్రాలీ బరువు, నిండు లోడు కలిపి ఎంతో చూసుకుని, అంత లాగగలదని తయారీ కంపెనీ రాసిచ్చిన హుక్కే కొనండి. జీఎస్టీ బిల్లు దాచండి. తయారీ లోపం బయటపడితే 2019 వినియోగదారుల చట్టం కింద రెండేళ్లలోపు కేసు వేయడానికి ఆ బిల్లే ఆధారం. బయల్దేరే ముందు గాలి తగ్గిందా, రబ్బరు పగిలిందా, పిన్ను లాక్ పడిందా చూడండి. సేఫ్టీ గొలుసు తప్పనిసరిగా తగిలించండి.

హుక్కు మార్పుకి మామూలుగా ఆర్టీఓ అనుమతి అక్కర్లేదు. ఛాసిస్ కోసినా, పొడిగించినా మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది.

ఇంకో మాట. మిరప కోతలకు కూలీలను ఆ ట్రాలీలో ఎక్కించకండి. కూరగాయలతో ట్రాలీలో వెళ్తూ చనిపోయిన వ్యక్తి కేసులో ఇన్సూరెన్స్ కంపెనీకి బాధ్యత లేదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు పరిహారం మీ పొలం అమ్మి కట్టాల్సి రావచ్చు.