మడత చెవుల పిల్లి కీళ్లకు మూలకణాలు ఎక్కించవచ్చా?

ప్రశ్న: డాక్టర్‌గారికి నమస్కారం. మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా స్కాటిష్ ఫోల్డ్ పిల్లికి మూడేళ్లు, బరువు నాలుగు కిలోలు. ఆరు నెలలుగా అది కిటికీ గట్టు మీదికి ఎగరడం మానేసింది. ఎక్కాలనిపిస్తే ముందు స్టూలు మీదికి ఎక్కి, కాసేపు ఆగి, అప్పుడు కదులుతోంది. తోక పట్టుకుంటే విసుక్కుంటోంది. ఎక్స్‌రే తీసిన డాక్టరు ఇది వంశపారంపర్యంగా వచ్చే కీళ్ల జబ్బు అన్నారు. మరొక క్లినిక్ వారు దాని కొవ్వులోంచే మూలకణాలు (స్టెమ్ సెల్స్) తీసి ఎక్కిస్తే కీళ్లు మళ్లీ కొత్తవవుతాయని, సుమారు 4,000 డాలర్లు అవుతుందని చెప్పారు. ఈ వైద్యం నమ్మదగినదేనా? హైదరాబాద్‌లో ఉన్న మా అత్తగారు ఈలోగా నొప్పికి పారాసిటమాల్ చిన్న ముక్క వేయమంటున్నారు. వేయవచ్చా?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు, ఎడిసన్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆగే విషయం కాదు. పారాసిటమాల్ వేయవద్దు, చిన్న ముక్క కూడా వద్దు. మనుషుల కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. మిగిలిపోయిన విషపదార్థం ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి, అవి ఆక్సిజన్ మోయలేని స్థితికి తెస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. ఇప్పటికే వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర పశువైద్యశాలకు తీసుకెళ్లండి. అత్తగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, ఆమెకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.

ఇక అసలు విషయం. మీ పిల్లికి చెవులు మడతపడి ఉండటం ఒక అందమని, కీళ్ల నొప్పి వేరే జబ్బని చాలామంది అనుకుంటారు. ఆ రెండూ ఒకటే. 1961లో స్కాట్లండ్‌లోని పెర్త్‌షైర్‌లో, కూపర్ ఆంగస్ అనే ఊరి దగ్గర ఒక పొలంలో, విలియం రాస్ అనే గొర్రెల కాపరి చెవులు ముందుకు వంగిన సూజీ అనే తెల్ల పిల్లిని చూశాడు. ఈ జాతి అంతా ఆ పిల్లి సంతానం నుంచే వచ్చింది. చెవి నిలబడాలంటే మృదులాస్థి, అంటే ఎముక కంటే మెత్తగా వంగే కార్టిలేజ్, గట్టిగా ఉండాలి. ఈ పిల్లుల్లో ఆ మృదులాస్థే సరిగా తయారుకాదు కాబట్టి, పుట్టినప్పుడు నిటారుగా ఉన్న చెవి మూడు వారాలు దాటేసరికి వాలిపోతుంది. అదే మృదులాస్థి కాళ్లలో, పాదాల్లో, తోకలోనూ ఉంటుందని గుర్తుంచుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. కాల్షియం కణంలోకి వెళ్లే దారిని నడిపే టీఆర్‌పీవీ4 అనే జన్యువులో ఒక్క అక్షరం మారడమే దీనికి కారణమని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ జన్యువు మనుషుల్లో చెడిపోయినా కొన్ని అస్థిపంజర వ్యాధులు వస్తాయి. తల్లి నుంచో తండ్రి నుంచో చెడిన జన్యువు నకలు ఒక్కటి వచ్చినా చాలు, చెవి మడతపడుతుంది, జబ్బు ఎంతో కొంత ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తే చిన్న వయసులోనే తోక కురచగా, బిరుసుగా మారి నడకే కష్టమవుతుంది. బ్రిటన్‌లోని ప్రధాన పిల్లుల నమోదు సంస్థ 1970ల తొలినాళ్లలోనే ఈ జాతిని నమోదు చేయడం మానేసింది.

ఇప్పుడు మూలకణాల సంగతి. క్లినిక్ వారు చెప్పిన పద్ధతిలో పిల్లికి మత్తు ఇచ్చి, చర్మం కింది కొవ్వు కొంచెం తీసి, అందులోని కణాలను వేరుచేసి, తరచుగా ప్రయోగశాలలో పెంచి, కీలులోకో రక్తనాళంలోకో ఎక్కిస్తారు. ఈ కణాలు వెళ్లి కొత్త మృదులాస్థిగా మారి కీలును తిరిగి కడతాయన్నది ప్రకటనల భాష. పరిశోధనల్లో కనిపించింది వేరు. ఎక్కించిన కణాలలో ఎక్కువ భాగం కొద్ది రోజులకో వారాలకో కనుమరుగవుతాయి. అవి ఉన్నంతకాలం వాపును తగ్గించే రసాయనాలను విడుదల చేస్తాయి, మేలు ఏమైనా జరిగితే ప్రధానంగా అందువల్లే జరుగుతుంది. పైగా మీ పిల్లి విషయంలో నాకు తోచే మరో చిక్కు ఉంది. దాని కొవ్వులోంచి తీసిన ప్రతి కణంలోనూ అదే చెడిన జన్యువు ఉంటుంది. తేమ ఎక్కిన విత్తనాలనే తిరిగి విత్తినట్టు. దాత పిల్లి కణాలైతే జన్యువు బాగుంటుంది గానీ, పిల్లి సొంత మృదులాస్థి మాత్రం ఎప్పటిలాగే మిగులుతుంది.

మూలకణాలు పిల్లుల్లో అసలు పనికిరావని నేను అనడం లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో, నోటి వాపుతో బాధపడుతూ పళ్లు తీయించినా నయంకాని ఏడు పిల్లులకు వాటి కొవ్వు కణాలనే రక్తంలోకి ఎక్కిస్తే అయిదింటికి గణనీయమైన మేలు జరిగిందని 2016లో ప్రచురించారు. కానీ అది రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి వచ్చే జబ్బు; వాపును అణిచే కణాలకు అక్కడ పని ఉంది. కొలరాడోలో మూత్రపిండాల జబ్బు పిల్లులకు ప్రయత్నిస్తే చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు, అధిక మోతాదులో కొన్నిటికి వాంతులు, ఆయాసం కూడా వచ్చాయి. యూరప్‌లో గుర్రాల కుంటితనానికి 2019లో, కుక్కల కీళ్ల నొప్పికి 2022లో మూలకణ మందులకు అనుమతి ఇచ్చారు. (కుక్కల మందులో వాడేవి గుర్రపు బొడ్డుతాడు కణాలు, చిత్రంగా ఉంటుంది.) మీ పిల్లికి ఉన్న జబ్బుకు మాత్రం ఆమోదం పొందిన మూలకణ మందు లేదు. కాబట్టి క్లినిక్ వారిని నిర్దిష్టంగా అడగండి: ఈ జబ్బుతో ఉన్న ఎన్ని పిల్లులకు చేశారు, ఏడాది తర్వాత ఎక్స్‌రేలు చూపగలరా, ఏ కీలులోకి ఎక్కిస్తారు, మత్తు ఎన్నిసార్లు ఇస్తారు. ‘కీళ్లు కొత్తవవుతాయి’ అని తిరిగి చెబితే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

మడమ ఎముకల చుట్టూ పెరిగి అతుక్కుపోయిన ఎముకను ఏ ఇంజెక్షనూ కరిగించదు, కానీ నొప్పిని చాలావరకు తగ్గించవచ్చు. నొప్పి సంకేతాన్ని మోసే పదార్థాన్ని అడ్డుకునే ఫ్రూనెవెట్‌మ్యాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్‌కు పిల్లుల కీళ్లవాతపు నొప్పి కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 జనవరిలో అనుమతి ఇచ్చింది. దాన్ని నెలకొకసారి చర్మం కింద వేస్తారు. మీ పిల్లికి అది తగునా అని మీ డాక్టరుతో మాట్లాడండి. మెలాక్సికామ్ అనే నొప్పి, వాపు తగ్గించే మందును కొన్ని దేశాల్లో ఎక్కువకాలం వాడినా, అమెరికాలో పిల్లులకు పదే పదే ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చన్న హెచ్చరిక ఉంది, కాబట్టి మీ అంతట మీరు వాడవద్దు. మందులకు లొంగని కొన్ని పిల్లుల్లో తక్కువ మోతాదు రేడియేషన్‌తో నొప్పి తగ్గినట్టు నివేదికలున్నాయి. అవి కొద్ది పిల్లులకు సంబంధించినవే.

ఇంట్లో చేయవలసినవి చిన్నవే గానీ వాటి ప్రభావం పెద్దది. మలవిసర్జన పెట్టెకు ఒక వైపు గోడ తగ్గించండి. కిటికీ దగ్గర మెట్టుపీట వేయండి. తోకను ఎత్తవద్దు, పిల్లలను లాగనివ్వవద్దు. గోళ్లు నెలకొకసారి చూడండి, ఎందుకంటే గీరడం తగ్గించిన పిల్లికి గోళ్లు వంగి పాదంలోకి దిగుతాయి. నా దగ్గరకు వచ్చిన ఒక పిల్లి వెనక కాళ్లు ముందుకు చాపుకుని బుద్ధుడిలా కూర్చున్న ఫొటోలు చూపించి యజమాని మురిసిపోయాడు. మడమలు వంచితే నొప్పి కాబట్టి అది అలా కూర్చునేది.

ప్రశ్న: మడత చెవుల పిల్లికీ, నిటారు చెవుల పిల్లికీ కలిపి పుట్టిన కూన అయితే జబ్బు రాదని అమ్మేవారు చెబుతున్నారు. కొనవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తీవ్రత తగ్గుతుందేమో గానీ జబ్బు పోదు. అలాంటి జత ద్వారా పుట్టిన మడత చెవుల కూనలోనూ చెడిన జన్యువు నకలు ఒకటి ఉంటుంది. ముద్దొచ్చే మొహం కావాలనుకుంటే అదే ఈతలో పుట్టిన నిటారు చెవుల కూనను తీసుకోండి. అయినా అనుమానముంటే బుగ్గ లోపల రుద్దిన దూదిపుల్లతో జన్యుపరీక్ష చేయించి, ఫలితం చూశాకే డబ్బివ్వండి.