రంగులు చివర, శాండ్‌బాక్స్ ముందు

అమ్మాయీ,

మారతహళ్లి పీజీలో వైఫై ఎంత సతాయిస్తున్నా హెచ్‌టీఎంఎల్ ఎడిటర్ మొదలుపెట్టావని మీ పిన్ని చెప్పింది. సంతోషం. కోడ్‌కి రంగులు ఎలా తెప్పించాలని అడిగావట. అది చివరి పని.

ఎడమవైపు టెక్స్ట్‌ఏరియా (టైప్ చేసే పెట్టె), కుడివైపు ఐఫ్రేమ్ (పేజీలో ఇంకో పేజీని చూపే కిటికీ) పెట్టు. టైప్ చేసినప్పుడల్లా బ్రౌజర్ పంపే ఇన్‌పుట్ ఈవెంట్ రాగానే, రాసినదాన్ని ఐఫ్రేమ్ ఎస్‌ఆర్‌సీడాక్‌లో (అది చూపాల్సిన హెచ్‌టీఎంఎల్ ఉంచే చోటు) వేస్తే ఎడిటర్ పుట్టినట్టే. ప్రతి అక్షరానికీ వేయకు. సెట్‌టైమౌట్‌తో ఓ 300 మిల్లీసెకన్లు ఆగు. ఈలోగా మరో అక్షరం పడితే పాత టైమర్ రద్దు చెయ్యి.

అసలు జాగ్రత్త ఐఫ్రేమ్ దగ్గర. కోడ్ నువ్వే రాసినా సరే, అందులో నడిచేది పరాయి కోడ్ అనుకో. లోపలి కోడ్‌కి హద్దులు గీసే శాండ్‌బాక్స్ పెట్టి, స్క్రిప్ట్‌లు నడవనిచ్చే అలౌ-స్క్రిప్ట్స్ ఒక్కటే ఇవ్వు. బ్రౌజర్‌లోనే డేటా దాచుకునే లోకల్‌స్టోరేజ్ లోపల పనిచేయదు. అప్పుడు, లోపలి పేజీని బయటి పేజీ సైట్‌దిగానే లెక్కించే అలౌ-సేమ్-ఆరిజిన్ కూడా జోడించమని ఎవరో ఒకరు చెబుతారు. వినకు. రెండూ కలిపి ఇస్తే లోపలి స్క్రిప్ట్ బయటి పేజీని అందుకుని ఆ శాండ్‌బాక్స్‌నే తీసేయగలదు. తలుపుకి తాళం వేసి చెవి దానికే వదిలేసినట్టు! లోపలి ఎర్రర్లు నీకు కనపడాలంటే పేజీల మధ్య కబుర్లు పంపే పోస్ట్‌మెసేజ్ ఉంది. వచ్చిన మెసేజ్ సోర్స్ నీ ఐఫ్రేమేనా అని మాత్రం చూసుకో.

ఇంకోటి. సగం రాసిన వైల్ లూప్ (షరతు తీరేదాకా తిరిగే కోడ్) దానంతటది నడిస్తే బ్రౌజర్ ట్యాబ్ మొత్తం బిగుసుకుపోవచ్చు. అందుకే స్క్రిప్ట్‌లకి రన్ బటనే మేలు. అది నొక్కగానే, నడిపే ముందే, బయటి పేజీ లోకల్‌స్టోరేజ్‌లో కోడ్ దాచెయ్.

ట్యాబ్ కీ నొక్కితే కర్సర్ బయటికి పోతుంది. కీ నొక్కగానే వచ్చే కీడౌన్ ఈవెంట్‌లో దాన్ని ఆపి, సెట్‌రేంజ్‌టెక్స్ట్‌తో రెండు స్పేసులు పెట్టు. దానివల్ల ఇన్‌పుట్ ఈవెంట్ రాదు, ప్రివ్యూని నువ్వే పిలవాలి. మౌస్ లేకుండా పనిచేసేవాళ్లు లోపలే ఇరుక్కుపోతారు కాబట్టి ఎస్కేప్ నొక్కాక ట్యాబ్ మామూలుగా కదిలేలా చూడు. ఈ ముక్క చాలామంది పట్టించుకోరు, నాకు ఒళ్లు మండుతుంది.

ఇక రంగులు. టెక్స్ట్‌ఏరియాలో ఒక్కో ముక్కకి ఒక్కో రంగు వేయలేం. వెనక అదే కోడ్‌ని రంగులతో చూపే ప్రీ ట్యాగ్ పరిచి సర్దే ఉపాయం ఉందిగానీ, కామెంట్లో తెలుగు రాసి చూడు. కంటికి ఒక్క అక్షరంలా కనిపించే ‘క్షి’ లెంగ్త్ జావాస్క్రిప్ట్‌కి 4. కాలమ్ లెక్కలన్నీ తప్పుతాయి. అక్కడితో పంతం వదిలి కోడ్‌మిర్రర్ అనే రెడీమేడ్ ఎడిటర్ లైబ్రరీ తెచ్చుకో. వీఎస్ కోడ్‌లో ఉండే మొనాకో కూడా మంచిదే, కానీ నీ పనికి బరువెక్కువ.

శాండ్‌బాక్స్ పెట్టాక లింకు పంపు. విరగ్గొట్టడానికి నేను ప్రయత్నిస్తాను.

మీ బాబాయి