బ్రేకు ముట్టుకునే ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ కూతురు సైకిల్ విప్పి హాలంతా పరిచింది, నువ్వే నచ్చజెప్పు" అన్నాడు. ముందు నవ్వొచ్చింది. పీణ్యలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసినవాణ్ణి, మన ఇంట్లో పానా పట్టే పిల్ల పుట్టిందని గర్వం కూడా వేసింది. ఇక షాపుకు ఇవ్వవట, బ్రేకులతో సహా అన్నీ నువ్వే చూసుకుంటావట, ఆ బండి మీదే తురహళ్లి అడవికి పోతావట. అది విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే తిట్టేస్తాను, అందుకే రాస్తున్నా.

కడగడానికి బకెట్ నీళ్లు, సబ్బు, పాత బ్రష్ చాలు. కార్లు కడిగే పంపుతో బేరింగుల మీద కొట్టకు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

చైనుకు వేరే పరికరమేమీ కొనక్కర్లేదు, స్టీలు స్కేలు చాలు. పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి, దాని తర్వాతి పిన్ను నుంచి లెక్కపెట్టు. 24వది సరిగ్గా పన్నెండో అంగుళం మీద ఉండాలి. అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగిందా, చైను మార్చెయ్. ఎనిమిదో వంతు దాకా సాగనిచ్చావంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి, అదే క్యాసెట్, అది కూడా కొనాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న కుడిచెయ్యి పైకెత్తి అటక మీది డబ్బా తీయలేడు, గమనించావా? నంది కొండ దిగుతుంటే కుక్క అడ్డొచ్చిందని ఇంట్లో చెప్పుకుంటాడు. కుక్కా లేదు, గిక్కా లేదు. అది నా చేతి పని.

నీకప్పుడు రెండేళ్లు. వాడు డిస్క్ బ్రేకుల బండి కొత్తగా కొన్నాడు. మర్నాడు ఇద్దరం నందికి పోవాలి. ముందు బ్రేకు పట్టగానే కీచుమంటోంది. నేను చూసిన యంత్రాల్లో కీచుమందంటే నూనె అడుగుతోందనే. డిస్కుకు రెండు వైపులా స్ప్రే కొట్టి, పైన కనబడేది గుడ్డతో తుడిచి, చక్రం తిప్పి బ్రేకు పట్టాను. చప్పుడు లేదు. "చూశావురా, ఐదు నిమిషాల పని" అన్నాను. వాడు మురిసిపోయి నాకు కాఫీ కలిపిచ్చాడు.

తెల్లారి దారంతా ఏమీ తెలియలేదు. పాత సైకిళ్ల అలవాటుకొద్దీ వాడు వెనక బ్రేకే వాడతాడు, పైగా కొండ ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? పైన, 1,478 మీటర్ల ఎత్తులో, పొగమంచులో నిలబడి ఇడ్లీ తిన్నాం. దిగేటప్పుడు నేను వాడి పక్కనే ఉన్నాను. మలుపు దగ్గర వాడి వేళ్లు లీవరును హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కడం కళ్లారా చూశాను. బండి మాత్రం అలాగే పోతోంది. గాభరాగా వెనక బ్రేకు బిగించేసరికి చక్రం పక్కకి జారి, రాతి పిట్టగోడకు భుజం తగిలింది. కిందపడి కూడా వాడన్నది "బ్రేకు పట్టలేదన్నయ్యా" అనే. నా మీద అనుమానమే లేదు.

ఆ రాత్రి డిస్కును నొక్కిపట్టే ప్యాడ్ విప్పి గోటితో గీకాను. గోరు కింద జిడ్డు. వాసన చూస్తే నా స్ప్రేదే. ఆర్నెల్లకు గానీ వాడికి చెప్పలేకపోయాను. "తెలుసులే" అన్నాడు.

కాబట్టి చెవి దగ్గర పెట్టి విను. ప్యాడ్ నూనెను పీల్చుకుంటుంది. కడిగితే, కాల్చితే బాగవుతుందని ఎవరు చెప్పినా నమ్మకు, పారేసి కొత్తవి వెయ్. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, కొత్త గుడ్డతో తుడువు. వేలు కూడా తగలనీకు. చైనుకు నూనె స్ప్రేతో వద్దు, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క. బ్రేకు లోపలి నూనె ఏది పోయాలో లీవరు మీద రాసి ఉంటుంది. షిమానోకు మినరల్ ఆయిలే. దాంట్లో డాట్ అనే వేరే రకం బ్రేకు ద్రవం పోశావంటే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కొత్త ప్యాడ్లు వేశాక సమంగా ఉన్న ఖాళీ రోడ్డు మీద ఓ ఇరవై సార్లు వేగం తగ్గించి చూడు. కీచుమంటే కీచుమననీ తల్లీ, బండి ఆగితే చాలు.

100 మిల్లీమీటర్లు కుంగే ముందు ఫోర్క్ తీసి 140 కుంగేది వేస్తానన్నావట. ఎందుకే? ముందు భాగం లేచిపోయి ఫ్రేము మెడ మీద భారం పడుతుంది. ఆ డబ్బుతో మంచి టైర్లు కొను. ఉన్న ఫోర్క్‌ని ఎన్నాళ్లకోసారి విప్పి నూనె మార్చాలో దాని పుస్తకంలో చూడు. నువ్వు చూసి ఉండవు, నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే పీణ్యలో మెట్రో ఎక్కి బనశంకరిలో దిగుతాను. ఎంత బిగిస్తున్నామో కొలిచి చూపే టార్క్ రెంచి తెస్తాను, హ్యాండిల్ బోల్టులు చేతి అంచనాతో బిగించకు. అప్పటిదాకా ఆ బండి హాల్లోంచి కదలకూడదు. పెసరట్టుకు పిండి రుబ్బమని మీ అమ్మకు చెప్పు. ఈ ఉత్తరం మాత్రం ఆవిడ కంట పడనీకు, తనకింకా ఆ కుక్క కథే తెలుసు.

మీ పెదనాన్న